కత్తుల మాస్టారి ఇంటి కత్తి

ఆయన ఏనాడూ బళ్ళో పాఠం చెప్పిన పాపాన పోలేదు. అయినా ఆ పేటలో అందరికీ ఆయన కత్తుల మాస్టారే. మందుల షాపుకీ చెప్పులు బాగుచేసే దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉండే ఆయన కొట్టుకి కత్తి కొందామని వెళ్ళినవాళ్ళు ముందు పరీక్షకి నిలబడవలసిందే. కౌంటరు మీద ఒక చెక్కపలక, దాని మీద ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్టు. "ఏ చేతి వాటం మీది?" అన్నది మొదటి మాట. "ఏదీ, కొయ్యండి," అన్నది రెండో మాట. ముందుగా ధర అడిగినవాళ్ళ గొంతు ఆయనకి వినబడేదే కాదు.

కోస్తున్నంతసేపూ ఆయన ఉల్లిపాయ వైపు చూసేవాడు కాదు. భుజం లేస్తోందా, మోచెయ్యి బిగుసుకుందా, మణికట్టు ఎటు తిరుగుతోంది, చూపుడువేలు ఎక్కడ ఆనుతోంది, ఇవీ ఆయనకి కావలసినవి. మూరెడు కత్తి కావాలని మీసం మెలేసుకుంటూ వచ్చిన ఆరడుగుల మనిషికి ఒకసారి జానెడు కత్తి ఇచ్చి పంపించాడు. "వీడియోలో చూశాను మాస్టారూ, నాకదే కావాలి," అని మొండికేసిన ఇంకొకాయనతో, "వీడియోలో కోసింది వాడి చెయ్యి బాబూ, నీది కాదు," అన్నాడు. ఆ మనిషి అలిగి వెళ్ళిపోయి, నెల తిరక్కుండా మొహం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు. కొట్టులో ఉన్నవన్నీ జపాను కత్తులే. తెప్పించడం ఒక తలనొప్పి, అమ్మడం అంతకు రెండింతల తలనొప్పి అని అయినవాళ్ళంతా చెప్పినా ఆయన చెవిన పెట్టలేదు.

కత్తి చేతికిచ్చాక పాఠం మొదలయ్యేది.

"గట్టి ఉక్కండీ ఇది. గట్టిది గనకే పెళుసు. ఎముక మీద కొట్టకండి, ఫ్రిజ్‌లో గడ్డకట్టినదాని మీద పెట్టకండి. గాజుపలక మీద కోశారో, నా దగ్గరికి రాకండి. ముక్కల్ని గిన్నెలోకి తొయ్యాలంటే కత్తి తిరగేసి వీపుతో తొయ్యండి, అంచుతో గీకకండి. సింకులో పడేసి మర్చిపోవద్దు. పనవగానే కడగండి, పొడిగుడ్డతో తుడవండి. నీలంగా బూడిదరంగు పట్టిందనుకోండి, కంగారుపడకండి, వాడుతున్నారని గుర్తు అది. ఎర్రగా వస్తేనే తుప్పు."

వినేవాళ్ళు బుద్ధిగా తలూపేవాళ్ళు. కొన్ని నెలలకి సాన పట్టించుకోవడానికి వచ్చేసరికి వాళ్ళు చేసిన నిర్వాకాలన్నీ ఆ కత్తే బయటపెట్టేది. మాస్టారు దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకునేవాడు. పదునైన అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడ సన్నగా మెరిసిందో అక్కడ మొద్దుబారినట్టు. ఆ మెరుపుల్ని చూస్తూ, "ఈ నెల మీ ఇంట్లో ఇద్దరు వాడారు. రెండో మనిషికి తొందరెక్కువ," అనేవాడు. "అవును మాస్టారూ, మా కోడలు వచ్చింది!" అని ఆ తల్లి గుడ్లప్పగించేది. ఆ పూట మాస్టారి నడకే వేరుగా ఉండేది.

ఇంత చూపున్న మనిషి ఇంట్లో మాత్రం గుడ్డివాడు. ఈ మాట గిట్టనివాళ్ళు అన్నది కాదు. అరవై ఒకటో ఏట ఆయన తన గురించి తనే అనుకున్నది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ఆయన భార్య చేతికిచ్చిన కత్తి గురించి చెప్పాలి.

పెళ్ళయిన ఏడాదికి ఆయన తన కొట్టులోకెల్లా మంచి కత్తిని ఆవిడ కోసం పక్కన పెట్టాడు. కూరగాయలకని జపానువాళ్ళు చేసే ఒకవైపు పదును కత్తి అది. కుడివైపు వాలుగా అరగదీసి ఉంటుంది, ఎడమవైపు చదునుగా, లేశమంత గుంటగా ఉంటుంది. కుడిచేత్తో కోసేవాళ్ళకి దోసకాయని కాగితంలా తీసి ఇస్తుంది. పెళ్ళాం కదా అని పరీక్ష మానలేదు ఆయన. వంటగదిలో బల్ల ముందు నిలబెట్టి, "ఏదీ, ఈ క్యారెట్టు కొయ్యి," అన్నాడు. ఆవిడ కత్తిని కుడిచేత్తో తీసుకుంది. నెమ్మదిగా, ఒక్కో ముక్కా లెక్కపెట్టినట్టు కోసింది. "చురుకు లేదుగానీ పర్లేదు, అలవాటైతే అదే వస్తుంది," అని తీర్పు చెప్పి, కత్తి ఆవిడకి ఇచ్చేశాడు. కుడిచెయ్యి అని కళ్ళారా చూశాడు గనక ఏ చేతి వాటం అని అడగలేదు.

అలవాటవుతూ ఇరవై రెండేళ్ళు గడిచాయి, చురుకు రాలేదు. వచ్చినవన్నీ పెచ్చులే. ప్రతి ఆదివారం పొద్దున ఆయన సానరాళ్ళు నీళ్ళలో నానబెట్టుకుని ఇంటి కత్తి ముందేసుకునేవాడు. అంచు వంకర పోయి ఉండేది. పిడి పక్కన, మడమ దగ్గర, రెండు మూడు చోట్ల బియ్యపు నూకంత పెచ్చు లేచి ఉండేది. చదునుగా ఉండవలసిన ఎడమవైపంతా గీతలే. ఆ గీతల్ని చూడగానే ఆయనకి ఒళ్ళు మండేది.

"మెలిపెడుతున్నావా దీన్ని? కత్తిని తిన్నగా దింపమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"తిన్నగానే దింపుతున్నానండీ. అది పక్కకి పోతుంది."

"కత్తి దానంతటది ఎక్కడికీ పోదు. చేతిలో నిలకడ ఉండాలి."

ఆయన గరుకు రాయితో మొదలుపెట్టి, నున్నటిదాని మీదికి వచ్చి, గంటన్నర కూర్చుని ఆ అంచుని మళ్ళీ తిన్నగా చేసేవాడు. అంటే, ఆ వారం ఆవిడ చెయ్యి దాని మీద రాసినదంతా చెరిపేసేవాడు. పరాయివాళ్ళ కత్తి మీద అలాంటి అరుగుదల కనబడితే అది ఎందుకొచ్చిందా అని పూటంతా ఆలోచించేవాడేమో. ఇంటిది గనక ఆలోచించవలసిన పని పడలేదు. ఆవిడకి పని రాదు, అంతే. ఆ మాట సరదాగా కొట్టులో కూడా అనేవాడు. "కత్తుల మాస్టారినే గానీ, మా ఇంట్లో ముక్క తిన్నగా దిగదు!" అంటే అందరూ నవ్వేవాళ్ళు. నవ్వించడం ఎవరికి చేదు?

ఆ సరదా ఒకరోజు ఆవిడ కొంప ముంచింది.

ఆవిడ వంట మాత్రం తిరుగులేనిది. పిల్లలు ఎదిగి ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, నలభై ఎనిమిదో ఏట, ఆవిడకి ఒక ఆశ పుట్టింది. రెండు వీధుల అవతల నర్సుల హాస్టల్లో పెద్ద వంటమనిషి మానేసింది. ఎనభై మందికి రెండు పూటలా వండాలి, కింద ఇద్దరు సహాయకులు. మొగుణ్ణి అడక్కుండానే ఆవిడ వెళ్ళి దరఖాస్తు ఇచ్చి వచ్చింది. వచ్చాకే చెప్పింది. ఆయన అడ్డు చెప్పలేదు, "నీ ఓపిక," అన్నాడు. వార్డెను రుచి చూడటానికి ఆవిడ చేత వండించుకుని, రెండోసారి వడ్డించుకుని తిందట. ఆ వారమంతా ఇంట్లో కూనిరాగాలే. మందపాటి నూలుగుడ్డ తెచ్చుకుని రెండు ఏప్రన్లు తనే కుట్టుకుంది. జేబు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడిగింది.

ఆ వారంలోనే వార్డెను కొట్టుకి వచ్చింది, హాస్టలుకి కత్తులు తీసుకుందామని. ముక్కుసూటి మనిషి ఆవిడ. కత్తులు చూస్తూ చూస్తూ అడిగేసింది.

"మీ ఆవిడ చేతివంట అద్భుతం మాస్టారూ. కానీ నాకొక్కటే అనుమానం. ఆ రోజు నా ఎదురుగా కోస్తుంటే చాలా నెమ్మదిగా కోశారు. ఎనభై మందికి రోజూ బస్తాలకి బస్తాలు కొయ్యాలి. మీకంటే బాగా చెప్పేవాళ్ళు ఇంకెవరుంటారు? ఆవిడ చేత అవుతుందంటారా?"

మాస్టారికి ఒక గొప్ప ఉండేది. కత్తి విషయంలో తను అబద్ధం చెప్పడు, తన మన చూడడు. పైగా అడిగింది తన విద్య గురించి. ఛాతీ కాస్త విరుచుకునే చెప్పాడు.

"వంటకి వంక పెట్టలేమండీ. కత్తి మాత్రం ఆవిడకి చేతకాదు. ఇరవై రెండేళ్ళుగా బంగారంలాంటి కత్తిని పాడుచేస్తూనే ఉంది. నేను సాన పడుతూనే ఉన్నాను."

అని నవ్వాడు. వార్డెను నవ్వలేదు. ఆరు కత్తులు కట్టించుకుని వెళ్ళిపోయింది.

పని వేరేవాళ్ళకి వెళ్ళింది. మర్నాడు సాయంత్రం మాస్టారు కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి ఆ కత్తి బల్ల మీద ఉంది. కడిగి, తుడిచి, నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. ఆయన చెప్పిన పద్ధతిలో ఒక్కటీ తప్పలేదు.

"ఇది నాకొద్దండీ. కొట్టులో పెట్టుకోండి," అంది ఆవిడ.

"పని రాలేదని కత్తి మీద కోపమా?"

"కోపం కాదు. నాకు సరిపడలేదు, అంతే."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తను ఎంచి ఇచ్చిన కత్తి సరిపడలేదన్న మనిషి అంతవరకూ లేదు. నెల్లాళ్ళు మూతి ముడుచుకుని తిరిగాడు. ఆవిడ బజారుకి వెళ్ళి, రేకులాంటి చిన్న కత్తి ఒకటి కొనుక్కుని దాంతోనే కానిచ్చుకుంది. పంతానికి పోయి ఆయన దానికి ఒక్కనాడూ సాన పట్టలేదు. ఏప్రన్లు ఏమయ్యాయో ఆయన అడగనూ లేదు. ఇలా తొమ్మిదేళ్ళు.

మొన్న వేసవి మొదట్లో ముప్ఫై ఏళ్ళ వంటావిడ ఒకామె కొట్టులోకి వచ్చింది. ఏదో పెద్ద క్యాంటీన్లో పనట. సంచీలోంచి కత్తి తీసి కౌంటరు మీద పెట్టి, "ఇది నేను ఇంకోచోట కొన్నాను బాబాయ్‌గారూ, తిట్టకండి," అంది. "ఎంత తిన్నగా దింపినా పక్కకే పోతోంది. మా క్యాంటీను పెద్దాయన నా చెయ్యి మంచిది కాదంటున్నాడు. పని మానేద్దామా అనిపిస్తోంది."

మాస్టారు కత్తిని వెలుతురులోకి ఎత్తాడు. ఒకవైపు పదును. అంచు వంకర. మడమ దగ్గర నూకల్లాంటి పెచ్చులు. ఎడమవైపంతా గీతలు. అలాంటి అరుగుదల ఆయన తన జన్మలో ఇంకొక్క కత్తి మీదే చూశాడు. కానీ ఆ సంగతి అప్పటికింకా తట్టలేదు. అలవాటు కొద్దీ నోరు తన పని తను చేసుకుపోయింది.

"నీది ఎడంచేతి వాటం కదా తల్లీ?"

"అవును!"

"ఇది కుడిచేతివాళ్ళకి అరగదీసిన కత్తి. నీ చేతిలో ఇది బయటికి జారుతుంది. ముక్క పైన మందంగా, కింద పల్చగా వస్తుంది. దాన్ని తిన్నగా తేవాలని నువ్వు మణికట్టు మెలిపెడతావు. మెలిపెడితే పెచ్చు లేస్తుంది. తప్పు నీ చేతిది కాదమ్మా. ఈ కత్తి నీకు ఎంచి ఇచ్చినవాడిది."

ఆ ఆఖరి మాట తన చెవినే పడ్డాక మాస్టారు ఆగిపోయాడు. ఆమె ఏదో అడుగుతోంది, ఎడంచేతి కత్తులు దొరుకుతాయా అనో ఏమో. ఆయనకి వినబడలేదు. "రేపు రా అమ్మా," అని ఆమెని పంపించేసి, మిట్టమధ్యాహ్నం కొట్టు మూసేశాడు. అలా మూయడం చెప్పులు బాగుచేసేవాడు కూడా ఎరగడు. "ఒంట్లో బాగాలేదా మాస్టారూ?" అని వెనక నుంచి కేకేశాడు.

ఎప్పుడూ వెళ్ళే దారి కాకుండా ఇంటి వెనక సందులోంచి వెళ్ళాడు. వంటగది కిటికీ తెరిచి ఉంది. ఆవిడ ఇటు పక్కగా నిలబడి క్యాబేజీ తరుగుతోంది. ఆ రేకుముక్కతోనే. ఎడంచేత్తో. చెయ్యి ఎక్కడా ఆగడం లేదు, భుజం లేవడం లేదు, మోచెయ్యి వదులుగా ఆడుతోంది. తరుగు ఒకే మందాన దారాల్లా పడుతోంది. మొద్దుబారిన కత్తితో అలా కొయ్యడం తన వల్ల కూడా కాదని మాస్టారికి తెలుసు. కొట్టుకి వచ్చినవాళ్ళలో అంత మంచి చెయ్యిని ఆయన చూడలేదు. ఆ చెయ్యి ముప్ఫై రెండేళ్ళుగా తన ఇంట్లోనే ఉంది. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక, వచ్చిన దారినే కొట్టుకి తిరిగిపోయాడు.

అక్కణ్ణుంచి బావమరిదికి ఫోను చేశాడు.

"మీ అక్కది ఎడంచేతి వాటమా?"

"వేళాకోళమా బావా?"

"కాదురా. అడుగుతున్నాను."

"ఎడమే. చిన్నప్పుడు రాయి విసిరితే గురి తప్పేది కాదు. మా మేనత్త స్కేలు పెట్టి మెటికలు విరగ్గొట్టి మాన్పించింది. రాయడం, తినడం కుడికి మారాయి. కత్తి మాత్రం మారలేదు. అదీ ఎవరైనా చూస్తుంటే మాత్రం భయంతో కుడిచేతికే పోతుంది. ఇన్నేళ్ళు కాపురం చేశారు, మీకు తెలీదా?"

"నాకు చెప్పలేదురా."

"చెప్పమని నేనే పోరాను, ఆ హాస్టలు పని పోయినప్పుడు. మీరు అన్న మాట వార్డెనమ్మ అక్కతో చెప్పేసిందిగా. ఇప్పుడైనా బావకి చెప్పక్కా అంటే ఏమందో తెలుసా? అందరి చేతులూ తెలిసే మనిషికి నాదొక్కటే తెలియకపోతే ఇంక చెప్పి లాభమేంటిరా, అంది."

ఆ తర్వాత బావమరిది ఇంకేం మాట్లాడాడో మాస్టారికి గుర్తులేదు. ఆవిడకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. తెలిసే రోజూ అన్నం పెట్టింది.

అన్న మాట వెనక్కి తీసుకుందామని వారం తర్వాత హాస్టలుకి వెళ్ళాడు. పిచ్చి పని అని తెలిసే వెళ్ళాడు. ఆ వార్డెను ఎప్పుడో బదిలీ అయిపోయింది. వంటగదికి తాళం వేసి ఉంది. అన్నం ఇప్పుడు వ్యానులో డబ్బాల్లో వస్తోందట. "ఎవరు కావాలండీ?" అని వాచ్‌మన్ రెండుసార్లు అడిగాడు. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాడు.

చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఎడంచేతి కత్తి సిద్ధంగా దొరకదు, చెప్పి చేయించాలి. జపానుకి ఉత్తరం రాశాడు. కొలతలు పంపాలంటే ఆవిడ చెయ్యి కొలవాలి, అడగడానికి నోరు రాలేదు. ఆవిడ బజారు కత్తి పిడి మీద అరిగిన చోటు చూసి కొలత తీశాడు. ఏడు నెలలకి పెట్టె వచ్చింది. మూడు సానరాళ్ళ మీదా తనే తుది పదును పెట్టి, ఒక పొద్దున వంటగది బల్ల మీద ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ గుడ్డ విప్పింది. బొటనవేలితో అంచుకి అడ్డంగా, మెత్తగా తడిమింది. వాలు ఎడమవైపు ఉంది.

"ఎవరు చెప్పారు?" అంది.

"ఇరవై రెండేళ్ళు నీ కత్తే చెప్పింది. నాకే చదవడం రాలేదు." ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "హాస్టలు సంగతి కూడా తెలిసింది. నేనన్నది ఆ వార్డెను నీతో చెప్పిందట."

"చెప్పింది."

"మరి నన్ను నిలదీయలేదేం?"

"ఏమని నిలదీయను? మీరు అబద్ధం చెప్పలేదుగా. మీకు కనబడిందే చెప్పారు."

తిట్టినా బాగుండేది. ఆయన సర్ది చెప్పుకోవడానికి ఆవిడ ఏమీ మిగల్చలేదు.

"తప్పయిపోయింది," అన్నాడు. చాలా చిన్న మాట అని ఆయనకే అనిపించింది.

ఆవిడ కత్తిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుంది," అంది. "ఎనభై మందికీ వండగలిగేదాన్నండీ నేను. నాకు తెలుసు అది." ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఎదురింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నాకూ తెలుసు ఇప్పుడు. ఒక్కసారి కోసి చూపించవూ?"

ఆవిడ ఒక దోసకాయ తీసుకుని పలక మీద పెట్టింది. కత్తి ఎడంచేత్తో పట్టుకుంది. పిడి చేతిలో చక్కగా అమరింది. మొదటి ముక్క వంకరగా వచ్చింది. రెండోది ఇంకా వంకర. మోచెయ్యి బిగుసుకుంది, భుజం లేచింది. మూడో ముక్క దగ్గర కత్తి కుడిచేతిలోకి వచ్చేసింది. ఎప్పుడు మార్చిందో ఆవిడకే తెలియలేదు. ఇద్దరూ ఆ చెయ్యి వంక చూశారు.

"మీరు చూస్తుంటే అటే పోతుందండీ. నేనేం చెయ్యను?" అంది ఆవిడ, తప్పు తనదే అయినట్టు. "మీరు కాసేపు ముందుగదిలో కూర్చోండి."

మాస్టారు వెళ్ళి కూర్చున్నాడు. కొంతసేపు చప్పుడేమీ లేదు. తర్వాత పలక మీద కత్తి మొదలైంది. ముందు విడివిడిగా, ఆపైన గుక్క తిప్పుకోకుండా. ఆయన చెవికి తెలియనిది కాదు, మంచి చేతిలో మంచి కత్తి చేసే చప్పుడు అది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూడాలనిపించింది. కుర్చీలోంచి లేచి, ఇంట్లో వేసుకునే చెప్పులు విడిచి, రెండడుగులు వేశాడు.

లోపల చప్పుడు ఆగిపోయింది.

ఆయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత అంతే నెమ్మదిగా వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపటికి ఆవిడ మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టింది.